రోనా ధోనా క్లాసులో పులిహోర

ఆ బుధవారం పొద్దున్న ఆరింటికే కృష్ణకుమారి నోయిడాలోని తమ ఫ్లాటులో, వంటింటి గట్టు మీద ఇండక్షన్ స్టవ్వు, ఇనప మూకుడు, చింతపండు, ఇంగువ, ఆవాలు, నాలుగు గరిటెలు వరసగా పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్క చూసుకుంటోంది. పదకొండింటికి క్లాసు. పన్నెండింటికి యూనివర్సిటీ కమిటీ వస్తుంది. వాళ్లు తలుపు తీసేసరికి పదహారు మంది పిల్లలు కలిసి చేసిన పులిహోర గిన్నెలో సిద్ధంగా ఉండాలి. అదీ ప్రణాళిక. అందులో తప్పు జరగడానికి సందెక్కడుందో వెతికినా దొరకదు.

కృష్ణకుమారి గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఇంజనీరింగు పిల్లలకు ‘భావోద్వేగ నైపుణ్యాలు’ అనే పాఠం చెబుతుంది. కోపమొస్తే ఏం చెయ్యాలి, బాధను ఎలా చెప్పుకోవాలి, ఎదుటివాడు చెబుతుంటే ఎలా వినాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. వారానికి రెండు గంటలు. పిల్లలు దానికి ‘రోనా ధోనా క్లాసు’ అని పేరు పెట్టారు. ఏడుపుల క్లాసని అర్థం. డిపార్ట్‌మెంటు హెడ్డు భరద్వాజ్ ఆ పేరు విని నవ్వడమే కాక, ఆ రెండు గంటలూ కోడింగ్ పరీక్షల తర్ఫీదుకు ఇచ్చేస్తే పిల్లలు బాగుపడతారని పైవాళ్లకు ఉత్తరం కూడా రాశాడు. అది చదివిన పైవాళ్లు, అసలీ పాఠం వల్ల ప్రయోజనమేమిటో కళ్లతో చూసి తేల్చమని కమిటీని పంపుతున్నారు.

ఈ పాఠం పోతే ఆమెకు ఉద్యోగం పోదు. ఇంగ్లిషు వ్యాకరణం చెప్పుకోమంటారు. కానీ ఆమె పట్టుదలకు వేరే కారణముంది. కిందటేడు మూడో సంవత్సరం కుర్రాడొకడు ఒక పొద్దున్న పెట్టె సర్దుకుని చదువు మానేసి బరేలీ వెళ్లిపోయాడు. వాడితో మూడేళ్లు ఒకే గదిలో ఉన్న ముగ్గురూ ఆమె దగ్గరికొచ్చి, “మేడమ్, వాడు ఎందుకెళ్లాడో మీకేమైనా చెప్పాడా?” అని అడిగారు. మూడేళ్లు ఒకే ఫ్యాను కింద పడుకున్నవాళ్లు ఆ మాట తనను అడగడం కృష్ణకుమారికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజే నిశ్చయించుకుంది. ఇది బోర్డు మీద రాసి చెబితే వచ్చే విద్య కాదు. నలుగుర్ని ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పని పని అప్పగిస్తేనే వస్తుంది.

ఆ పని పులిహోర కావాలని ఆమె మూడు వారాలు ఆలోచించి తేల్చింది. పదహారు మందిని నాలుగు జట్లు చేసింది. ఒక జట్టుకు అన్నం, ఒక జట్టుకు చింతపండు పులుసు, ఒక జట్టుకు పోపు, ఒక జట్టుకు కలపడం, వడ్డించడం. ప్రతి జట్టులోనూ నలుగురికీ నాలుగు చీటీలు. ఎవరి చీటీలో వాళ్ల వంతు విషయం మాత్రమే ఉంటుంది. చీటీ చూపించకూడదు, నోటితో చెప్పాలి. దానికి మళ్లీ నియమాలున్నాయి. ఏం చెప్పినా ‘నాకు ఇలా అనిపిస్తోంది’ అని మొదలుపెట్టాలి. విన్నవాళ్లు ఆ మాటే తిరిగి చెప్పి, ‘సరిగ్గా అర్థమైందా?’ అని అడగాలి. ఒకరు చెబుతుంటే మధ్యలో అడ్డు రాకూడదు. నలుగురూ సరేననిదే ఏ పనీ చెయ్యకూడదు. నలుగురూ లేనిదే ఎక్కడికీ కదలకూడదు.

“ఏవండీ, ఎండుమిర్చి ఓ గుప్పెడు పొట్లం కట్టండి” అని కేకేసింది.

భర్త గోవిందరాజులు సాఫ్ట్‌వేర్ కంపెనీ పని ఇంట్లోంచే చేసుకునే మనిషి. ఢిల్లీ చుట్టుపక్కల పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నా ఆయన నాలుక మాత్రం గుంటూరు దాటి రాలేదు.

“దుకాణంలో కొన్నవేనా? వాటికి రంగే గానీ రోషం ఉండదు. మా అన్నయ్య పంపినవి కడతాను.”

“రోషం వద్దండీ బాబూ. కమిటీవాళ్లు తినాలి.”

“తిననీ. కళ్లల్లో నీళ్లు తిరిగితేనే మనిషికి గుర్తుంటుంది” అంటూ ఆయన రెండు గుప్పెళ్లు పొట్లం కట్టి సంచిలో వేశాడు. ఆమె అప్పటికే ఫోన్లో క్యాబ్‌వాడికి దారి చెబుతోంది. చూడలేదు.

క్లాసు నాలుగో అంతస్తులోని సెమినారు గదిలో. గది కోసం నింపిన కాగితంలో ‘పని వివరం’ అన్నచోట ఆమె నిజాయితీగా ‘చిన్న వంట, కరెంటు స్టవ్వు’ అని రాసింది. ఆ కాగితం చూసే గుమాస్తా దాన్ని ‘చిన్న వేడి ప్రయోగం’గా మార్చుకుని, ఇంజనీరింగు కాలేజీలో వేడి ప్రయోగం మామూలేనని ముద్ర కొట్టేశాడు. పైగా అది నవంబరు. బయట గాలి బూడిద రంగులో ఉంది. ఆ గాలి లోపలికి రాకుండా కిటికీలన్నీ బిగించి, లోపలి గాలినే వడగట్టి గొట్టాల్లో అన్ని అంతస్తులకూ తిప్పుతున్నారు. భరద్వాజ్ ఎవరొచ్చినా ముందు ఆ గొట్టాలే చూపిస్తాడు.

పదకొండింటికి పిల్లలొచ్చారు. అన్నం జట్టు, చింతపండు జట్టు తమ తమ మూలల్లో బుద్ధిగా మొదలుపెట్టాయి. కృష్ణకుమారి దృష్టంతా పోపు జట్టు మీదే ఉంది. ఆ నలుగురూ రెండేళ్లుగా ఒకే బెంచీలో కూర్చుంటున్నారు గానీ, ఒకరి ఊరు ఇంకొకరికి తెలుసా అంటే అనుమానమే.

పృథ్వీరాజ్ రోహ్‌తక్ కుర్రాడు, యూనివర్సిటీ తరఫున కుస్తీ పడతాడు. శరణ్య కరీంనగర్ అమ్మాయి, నోరున్న పిల్ల. లెవి ఇక్కడే పుట్టి పెరిగాడు, వాళ్లమ్మ దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సు, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. నాలుగో అమ్మాయి సాత్విక. తెలుగువాళ్లే, తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల బిలాస్‌పూర్‌లో పెరిగింది. జట్టు పని ఏదిచ్చినా నలుగురిదీ తనే చేసి తెచ్చే పిల్ల. హాజరు పలకడానికి తప్ప ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు.

చీటీలు పంచింది. ఏమేమి ఎంతెంత వెయ్యాలో పృథ్వీరాజ్ చీటీలో ఉంది. ఎప్పుడు వెయ్యాలో లెవికి. స్టవ్వు మీట శరణ్య చేతిలో. ఎప్పుడు దించాలో సాత్వికకు. మాటలన్నీ హిందీలోనే సాగాయి.

“నూనె కాగిందని నాకనిపిస్తోంది” అన్నాడు లెవి.

“నూనె కాగిందని నీకనిపిస్తోంది. సరిగ్గా అర్థమైందా?” అన్నాడు పృథ్వీరాజ్.

“అయింది. ఇప్పుడు మిర్చి వెయ్యాలనిపిస్తోంది.”

“మిర్చి వెయ్యాలని నీకనిపిస్తోంది. సరిగ్గా అర్థమైందా?”

“అరే అయింది భాయ్, వెయ్యి!”

పృథ్వీరాజ్ చీటీ చూసుకున్నాడు. ‘గుప్పెడు’ అని ఉంది. కృష్ణకుమారి తన చెయ్యి మనసులో పెట్టుకుని రాసిన గుప్పెడది. ఆ కుర్రాడి అరచెయ్యి పూరీల పీటంత ఉంటుంది. ఆ చేత్తో పొట్లంలోంచి ఒక్క గుప్పెడు తీస్తే, పొట్లంలో మిగిలింది దాదాపు ఏమీ లేదు. మొత్తం మూకుట్లో వేసేశాడు. మూకుడు చుంయ్ మంది.

కృష్ణకుమారి గుండె కూడా చుంయ్ మంది. అయినా ఫరవాలేదు, సగం తీసేయొచ్చు, సాత్విక ‘దించండి’ అంటే చాలు. సాత్విక నోరు తెరిచింది.

“నాకు... నాకు ఏమనిపిస్తోందంటే...” అని ఆగిపోయింది.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆ గొంతు ఇలా ఉంటుందని వాళ్లకి ఇప్పుడే తెలిసింది.

“నాకు భయంగా అనిపిస్తోంది” అంది.

“నీకు భయంగా అనిపిస్తోంది. సరిగ్గా అర్థమైందా?” అంది శరణ్య.

“అవును. మూకుడంటే కాదు. నేను చెబితే మీరు వింటారో లేదో అని.” ఆమె ఒక్క గుక్క గాలి పీల్చుకుంది. ఆ తర్వాత గేటు ఎత్తిన కాలువలాగా మాట వచ్చేసింది. “రెండేళ్లుగా జట్టు పనంతా నేనే చేస్తున్నాను కదా, నేను చాలా మంచిదాన్నని మీరనుకుంటారు. నేనేం మంచిదాన్ని కాదు. మీ వంతు మీకు వదిలేస్తే నాతో మీకు పనేముంటుంది? అసైన్‌మెంట్ ఇవ్వాల్సిన ముందురోజు మీరు ముగ్గురూ ఫోన్ చేస్తారు. ‘అయిందా?’ అని అడుగుతారు. మా అమ్మ కాకుండా నాకు ఫోన్ చేసేది మీరే. అందుకని చేస్తున్నాను. పోయిన నెల నాకు నాలుగు రోజులు జ్వరమొచ్చింది. అప్పుడూ చేశారు. ‘అయిందా?’ అన్నారు. అయిందన్నాను.”

మూకుట్లో మిర్చి ఎరుపు దాటి ముదురెరుపుకొచ్చింది. శరణ్య వేలు మీట మీదే ఉంది. నలుగురూ సరేననిదే నొక్కడానికి లేదు. సాత్వికను ఆపడానికీ లేదు. శరణ్య మేడమ్ వైపు తిరిగి తెలుగులో గుసగుసలాడింది.

“మేడమ్, గివి మాడుతున్నయ్. బంద్ చెయ్యాల్నా?”

కృష్ణకుమారి ఒక అడుగు ముందుకేసింది. ఒక్క మాట చాలు. ‘ఆగమ్మా సాత్వికా, ముందు స్టవ్వు కట్టేద్దాం’ అంటే చాలు. కానీ ఆ పిల్ల వంక చూస్తే, కళ్లు నేల మీంచి ఎత్తి ఆ ముగ్గురి మొహాల్లోకి చూస్తూ మాట్లాడుతోంది. మిరపకాయలు మళ్లీ దొరుకుతాయి. ఈ పిల్ల నోరు ఇప్పుడు మూసుకుంటే మళ్లీ తెరుచుకుంటుందా? కృష్ణకుమారి పళ్లు బిగపట్టి, వద్దన్నట్టు తలూపింది.

మిర్చి కాఫీ రంగుకొచ్చింది. సాత్విక తన హాస్టల్ గది గురించి చెప్పింది. మిర్చి నల్లబడింది. సాత్విక పుట్టినరోజు గురించి చెప్పింది. మూకుట్లోంచి నీలం పొగ లేచి, గదిని ఒక చుట్టు చుట్టి, భరద్వాజ్‌కు ఎంతో ఇష్టమైన గొట్టాల్లోకి తాపీగా దూరింది.

“ఇంకొకటి” అంది సాత్విక చివరికి, దగ్గుతూ. “మిర్చి ఎర్రబడగానే దించాలట.”

నలుగురూ మూకుట్లోకి చూశారు. అందులో బొగ్గులున్నాయి. శరణ్య మీట నొక్కేసింది.

పృథ్వీరాజ్ కళ్లలోంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. “నాకు ఏడుపొస్తోంది” అన్నాడు.

“నీకు... ఖళ్... ఏడుపొస్తోంది. సరిగ్గా... ఖళ్ ఖళ్... అర్థమైందా?” అన్నాడు లెవి.

“పొగకి కాదు” అని, ఒక క్షణం ఆలోచించి, “పొగకి కూడా” అన్నాడు పృథ్వీరాజ్.

అప్పుడు మోగింది అగ్నిప్రమాదపు అలారం.

అలారం మోగాక రెండు నిమిషాలకే ఆరంతస్తుల భవనమూ దగ్గుతోంది. గుంటూరు మిర్చి ఘాటు గొట్టాల వెంట లైబ్రరీకి వెళ్లింది, ల్యాబులకు వెళ్లింది, అయిదో అంతస్తులో ఒక పెద్ద మీటింగులో ఉన్న భరద్వాజ్ దగ్గరికీ వెళ్లింది. వందల మంది మెట్ల మీద పడ్డారు. కంటికి ఏమీ కనిపించని ఆ ఘాటు ఏమిటో ఎవరికీ తెలీదు. తెలియనప్పుడు మనుషులు ఊరుకోరు కదా. లైబ్రరీవాళ్లు కెమిస్ట్రీ ల్యాబులో సీసా పగిలిందన్నారు. కెమిస్ట్రీవాళ్లు క్యాంటీన్లో గ్యాసు లీకైందన్నారు. భరద్వాజ్ ముక్కుకు రుమాలు కట్టుకుని, అగ్నిమాపక దళానికి ఒక ఫోను, ఆసుపత్రికి ఒక ఫోను చేసి, “పిల్లలంతా ఏడుస్తున్నారు, ఊపిరాడటం లేదు, ఏదో గ్యాసు, జల్దీ ఆయియే!” అని అరిచాడు.

సరిగ్గా ఆ సమయానికి కమిటీ కారు గేటు దగ్గర ఆగింది. ముగ్గురు సభ్యులు దిగారు. పెద్దాయన మాథుర్ సాహెబు, రిటైరైన ప్రొఫెసరు, ప్రతిదీ చిన్న పుస్తకంలో రాసుకునే అలవాటున్న మనిషి. ఎదురుగా పచ్చిక మీద నాలుగు వందల మంది విద్యార్థులు కళ్లు తుడుచుకుంటూ, ముక్కులు చీదుకుంటూ, ఒకరి భుజం మీద ఒకరు వాలి కనిపించారు.

“పొల్యూషనా?” అన్నాడాయన. నవంబరులో ఢిల్లీ చుట్టుపక్కల ఎవరి కళ్లు కారినా మొదట అడిగేది అదే.

గేటు దగ్గరి గార్డు చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు. “నహీఁ సాబ్. పైన ఇమోషన్ క్లాసు జరుగుతోంది. కొంచెం ఎక్కువైపోయింది.”

మాథుర్ పుస్తకం తీశాడు. పక్కాయన ఒక కుర్రాణ్ణి పట్టుకుని ఏం జరిగిందని అడిగాడు. ఆ కుర్రాడు రెండో అంతస్తువాడు. మెట్ల మీద విన్నదే చెప్పాడు. “నాలుగో అంతస్తులో ఎవరో అమ్మాయి తన బాధ చెప్పుకుందట సర్. విన్నవాళ్లు విన్నట్టు ఏడ్చేశారట.”

“ఇంతమందా?”

“ఇంకా లోపల ఉన్నారేమో సర్” అని వాడు మళ్లీ ముక్కు చీదుకున్నాడు.

మాథుర్ సాహెబు నలభై ఏళ్ల సర్వీసులో పాఠం విని నిద్రపోయిన విద్యార్థుల్ని చూశాడు గానీ, ఇలాంటిది చూడలేదు. ఆయన ‘ప్రభావం’ అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఈలోగా గాలి ఇటు తిరిగింది. ఆయన కళ్లు కూడా కారడం మొదలెట్టాయి.

అంబులెన్సు వచ్చింది. అందులోంచి అందరికంటే ముందు దిగిన నర్సు లెవి తల్లి సరళకుమారి. కొడుకు చదివే కాలేజీలో గ్యాసు అని వినగానే డ్యూటీ మార్పించుకుని ఎక్కేసింది. గుంపులో కొడుకును వెతికి పట్టుకుని, రెండు చేతులతో మొహం తడిమింది.

“లెవీ! ఏమయిందిరా నాయనా? ఊపిరి ఆడుతోందా?”

“కుఛ్ నహీఁ మమ్మీ. తడ్కా థా” అన్నాడు వాడు.

“పోపేమిటి?” అని ఆమె గాలి ఒకసారి వాసన చూసింది. మరోసారి చూసింది. భయమంతా దిగిపోయి మొహం ఎర్రబడింది. అక్కడే హడావిడి పడుతున్న భరద్వాజ్ తెలుగువాడని ఆమెకు ముందే తెలుసు. “ఏమండీ, మీరేనా గ్యాసని ఫోన్ చేసింది? ఇది గ్యాసా, నా మొహమా! మాడిన ఎండుమిర్చి. నర్సాపురంలో పుట్టినదాన్ని, ఆ మాత్రం తెలీదా నాకు? పోపు మాడితే అంబులెన్సు పిలుస్తారా?”

“పోపా?” అన్నాడు భరద్వాజ్.

ఆ ప్రశ్నకు జవాబు మెట్ల మీంచే వచ్చింది. ముఖానికి మాస్కు, వీపుకి సిలిండరు తగిలించుకున్న అగ్నిమాపక జవాను ఒకడు, పొడుగాటి పట్టకారుతో మూకుణ్ణి పట్టుకుని, పామును పట్టి తెచ్చినట్టు దూరంగా చాచి తీసుకొచ్చి పచ్చిక మధ్యలో పెట్టాడు. నాలుగు వందల మంది చుట్టూ చేరి చూశారు.

భరద్వాజ్‌కు సంగతంతా అర్థమై, భయం పోయి, మొహం వెలిగిపోయింది. కమిటీ వైపు గబగబా నడిచాడు. “సర్, నేను ఉత్తరంలో రాసింది ఇదే సర్. క్లాసులో పోపు పెట్టించారు. ఇదేనా సర్ యూనివర్సిటీ చదువు?” అని ఇంగ్లిషులో మొదలుపెట్టి, వెనక నిలబడ్డ కృష్ణకుమారితో తెలుగులో, “ఏం మేడమ్, ఇప్పుడేమనిపిస్తోంది మీకు?” అన్నాడు.

కృష్ణకుమారికి భూమి చీలితే బావుండునని అనిపిస్తోంది. ఆ మాట చెప్పేలోపే అగ్నిమాపక అధికారి చేతిలో కాగితంతో వచ్చాడు.

“బయటికి అందరూ వచ్చినట్టేనా? లోపల ఎంతమంది ఉన్నారో జాబితా ఉందా?”

“ఉంది” అన్నాడు భరద్వాజ్ గర్వంగా, ఫోను తీస్తూ. హాజరు కోసం ఆయన దగ్గరుండి పెట్టించిన యాప్ అది. విద్యార్థి ఫోనులో నొక్కితే చాలు, హాజరు పడిపోతుంది. “ఈ ఉదయం భవనంలో నాలుగు వందల ఎనభై ఏడు మంది.”

పచ్చిక మీద నిలబెట్టి లెక్కపెట్టారు. మూడు వందల తొంభై ఆరు మంది ఉన్నారు.

అధికారి మొహం మారిపోయింది. “తొంభై ఒక్క మంది లోపలున్నారా?”

ఇంతసేపూ నవ్వులాటగా ఉన్నదంతా ఒక్కసారి చల్లబడిపోయింది. జవాన్లు మళ్లీ మాస్కులు బిగించుకుని లోపలికి పరిగెత్తారు. సరళకుమారి స్ట్రెచర్లు దింపించింది. కృష్ణకుమారి గుంపులోకి పరిగెత్తింది. తన పదహారు మంది ఎక్కడ? వెతుక్కుంటూ వెళ్లేసరికి వేపచెట్టు పక్కన కనిపించారు. నాలుగు జట్లూ విడివిడిగా, నలుగురు నలుగురు చొప్పున, చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“అందరూ ఉన్నారా?”

“పదహారు మందిమీ ఉన్నం మేడమ్” అంది శరణ్య. “నలుగురం లేకుంటే కదలొద్దన్నరు కదా. గిట్లనే దిగినం. మెట్ల మీద ఫస్టియర్ పోరగాళ్లు ఏడ్చుకుంట కూసున్నరు, కదల్తలేరు. ‘నీకు భయమైతుంది, సమజైంది, నా చెయ్యి పట్టు’ అన్కుంట ఆరుగుర్ని తోల్కొచ్చినం.”

కృష్ణకుమారి అప్పుడు చూసింది. ఆ జట్టు వెనక ఆరుగురు పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలుపెట్టెల్లాగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు సాత్విక చెయ్యి పట్టుకున్న ఒక చిన్నపిల్ల ఇంకా వెక్కుతోంది. సాత్విక వంగి ఆ పిల్లతో ఏదో మాట్లాడుతోంది. మాట్లాడుతూనే ఉంది.

జవాన్లు అరగంట వెతికారు. తొంభై ఒక్క మందిలో ఒక్కరూ దొరకలేదు. చివరికి మాథుర్ సాహెబే, జాబితాలో మొదటి పేరుకు ఫోన్ చెయ్యమన్నాడు. స్పీకరు మీద పెట్టారు. రెండు గంటలుగా క్లాసులో ఉన్నట్టు నమోదైన ఆ విద్యార్థి వెనక నుంచి ఏవో పాటలు, విజిల్స్ వినిపించాయి.

“ఎక్కడున్నావు బేటా?” అన్నాడు మాథుర్.

“సినిమా హాల్లో అంకుల్. ఆప్ కౌన్?”

రెండో పేరు ఢిల్లీలో, కరోల్ బాగ్ బజార్లో బూట్లు కొంటోంది. మూడో పేరు ఇంట్లో నిద్రపోతోంది. తొమ్మిదో పేరుకల్లా అధికారి జవాన్లను వెనక్కి పిలిచేశాడు. యాప్‌లో పడింది హాజరే గానీ మనుషులు కాదు. ఆ తొంభై ఒక్క మందిలో ముప్ఫై ఎనిమిది మంది ఆ ఉదయం భరద్వాజ్ సొంత క్లాసులో ఉండవలసినవాళ్లు. ఆయన రుమాలు మళ్లీ ముక్కుకు కట్టుకున్నాడు. ఈసారి ఘాటుకి కాదు.

అధికారి తన కాగితం మీద సంతకం పెడుతూ వేపచెట్టు వైపు చూపించాడు. “ఆర్నెల్లకోసారి ఇక్కడ డ్రిల్లు చేయిస్తాం. ఒక్కరూ వరసగా దిగరు. వీళ్లకెవరు నేర్పారు?”

మాథుర్ సాహెబు కృష్ణకుమారి దగ్గరికొచ్చాడు. “మేడమ్, మిర్చి మాడుతుంటే మీరు చూడలేదా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చూడలేదంటే అది పొరపాటు. చూశానంటే తప్పు. ఆమె చీర కొంగు బిగించి దోపుకుంది.

“చూశాను సర్. ఎరుపు నుంచి నలుపు దాకా అంతా చూశాను. ఆపొచ్చు. కానీ ఆపితే ఆ అమ్మాయి మాట మధ్యలో ఆగిపోతుంది. రెండేళ్లలో ఆమె మాట్లాడటం ఇదే మొదలు. అందుకని మాడనిచ్చాను. శిక్ష ఏదైనా నాకే వెయ్యండి, పిల్లలకి గానీ పాఠానికి గానీ వద్దు.”

ఆయన పోపు జట్టు వైపు తిరిగాడు. “మీరేం నేర్చుకున్నారు ఈ రోజు?”

లెవి తడుముకోకుండా చెప్పాడు. “సర్, ఎవరైనా మనసు విప్పి చెబుతుంటే పూర్తిగా వినాలి. కానీ ముందు స్టవ్వు కట్టేయాలి.”

పృథ్వీరాజ్ ముందుకొచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. “నాకు సిగ్గుగా అనిపిస్తోంది సర్. ఆమెకు జ్వరమొచ్చిన రోజు ఫోన్ చేసింది నేనే.” తర్వాత సాత్విక వైపు తిరిగి, తన పెద్ద చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, “ఈ వారం అసైన్‌మెంట్ నేను చేస్తా. తప్పులుంటాయి. రేపు మధ్యాహ్నం క్యాంటీన్‌కు రా, దిద్దుదువుగాని. మేం ముగ్గురం ఉంటాం” అన్నాడు.

సాత్విక ఆలోచించింది. “రేపు మధ్యాహ్నం క్యాంటీన్‌కు రమ్మంటున్నావు” అంది. “సరిగ్గా అర్థమైందా?”

“అయింది” అన్నారు ముగ్గురూ.

మాథుర్ సాహెబు పుస్తకం మూసేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పటికి గాలిలో ఘాటు పూర్తిగా పోయింది గనక, ఆ తుడుచుకోవడం దేనికో ఎవరూ అడగలేదు.

రెండు వారాల తర్వాత కమిటీ నిర్ణయం సర్క్యులరుగా వచ్చింది. భరద్వాజ్ దాన్ని నిలబడి చదివి, తర్వాత కూర్చుని మరోసారి చదివాడు. ‘భావోద్వేగ నైపుణ్యాలు’ పాఠం కొనసాగుతుంది. అన్ని డిపార్ట్‌మెంట్లకూ తప్పనిసరి. భవనంలో వంట మాత్రం నిషిద్ధం. ఇక చివరి పేరా: ప్రమాద సమయంలో విద్యార్థుల కంటే అధ్యాపకులే ఎక్కువ కంగారు పడినట్టు, పరస్పరం అరుచుకున్నట్టు కమిటీ స్వయంగా గమనించింది గనక, ఈ పాఠం మొదట డిపార్ట్‌మెంటులోని అధ్యాపకులందరికీ, నలుగురేసి జట్లుగా, శ్రీమతి కృష్ణకుమారి గారే చెప్పాలి. హాజరు యాప్‌లో కాదు, మనిషిని చూసి వెయ్యాలి.

కృష్ణకుమారి ఆ సాయంత్రమే జట్లు వేసేసింది. ఏళ్లుగా ఎవరితో ఎవరికి పడదో స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు గనక పని తేలికైంది. పడనివాళ్లనే వెతికి ఒక జట్టులో వేసింది. సోమవారం పదింటికి మొదటి క్లాసని నోటీసు అంటించింది.

సోమవారం డిపార్ట్‌మెంటులోని ముప్ఫై ఒక్క మంది అధ్యాపకుల్లో ముప్ఫై మంది ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టారు. మిగిలిన ఆ ఒక్కరూ కృష్ణకుమారి.